సభకు చేరిన మా బడి ప్రశ్న

పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాటి సాయంత్రం మా పక్కింటి అమ్మాయి మా వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. మిగిలిన సబ్జెక్టులన్నీ గట్టెక్కి, గణితంలో తప్పింది. నేను పెద్దరికం చూపబోయాను. “సెల్‌ఫోను చూసే సమయంలో సగమైనా పుస్తకం పట్టుకుని ఉంటే ఈ గతి పట్టేది కాదు” అన్నాను. ఆ పిల్ల తలెత్తకుండానే, “ఖాలా, రెండేళ్ళుగా మా బడిలో లెక్కల సారే లేరు. ఎవరిని అడిగి నేర్చుకోవాలి?” అంది.

ఆ మాటకు నా వద్ద జవాబు లేదు. మా ఇంటికి మూడు వీధుల అవతల ఉన్న ఉర్దూ మాధ్యమ ఉన్నత పాఠశాల అది. నేను చదువుకున్నదీ అక్కడే. కూరగాయలకు వెళ్ళే ప్రతిసారీ ఆ గేటు ముందు నుంచే నడుస్తాను. ఆ గోడల లోపల గణితం పీరియడ్ రెండేళ్ళుగా ఖాళీగా గడిచిపోతున్నదని నాకు తెలియదు. తెలియకుండానే ఒక పిల్లమీద తీర్పు చెప్పాను. ఆ వారంలోనే ఆ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారన్న మాట నా చెవిన పడింది. “తప్పిన పిల్లను ఇంకా ఏం చదివిస్తాం, ఆపా?” అన్నది ఆమె తల్లి.

ఆ రోజుల్లో నేను చేసినది మనలో చాలామంది చేసేదే. కనబడినవారందరితో చెప్పుకుని బాధపడ్డాను. పెళ్ళి విందులోనూ, పరామర్శకు వెళ్ళిన ఇంటిలోనూ, “మన బడులను పట్టించుకునే నాథుడే లేడు” అన్నాను. విన్నవారందరూ అవునన్నారు. అందరూ అవునన్న తరువాత అందరమూ లేచి ఇళ్ళకు వెళ్ళిపోయాము.

మా అబ్బాజాన్ ఇలా చేసేవారు కారు. ఆయన దర్జీ. చదువు మూడవ తరగతితోనే ఆగిపోయింది. ఫజ్ర్ నమాజు చేసుకుని వచ్చాక రేడియో పెట్టి ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు వినేవారు. శాసనసభ జరిగే రోజుల్లో దుకాణానికి వచ్చిన దినపత్రికలో ఆ పుట మాత్రం విప్పి కత్తెర పట్టేవారు. మా ఊరి ప్రస్తావన ఉన్న ముక్కను కత్తిరించి, కొలతలు రాసుకునే పుస్తకం చివర అంటించేవారు. శాసనసభ్యుడు ఊరికి వచ్చినప్పుడు ఆ పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళి, “అయ్యా, ఫలానా తేదీన సభలో ఇలా అన్నారు కదా, అది ఎంతవరకు వచ్చింది?” అని నెమ్మదిగా అడిగేవారు. దర్జీకి ఎందుకీ రాజకీయాలని మేము నవ్వుకునేవాళ్ళం. ఇన్నేళ్ళ తరువాత ఆ పుస్తకం నాకు గుర్తుకు వచ్చింది.

డిగ్రీ చదువుతున్న మా చిన్నమ్మాయిని వెంటబెట్టుకుని ముందుగా ప్రధానోపాధ్యాయుని వద్దకు వెళ్ళాను. ఆయన తన బీరువాలోంచి ఒక దస్త్రం తీసి చూపారు. ప్రతి ఏటా ఆయన పైకి రాసిన ఉత్తరాల నకళ్ళు అందులో ఉన్నాయి. మండల విద్యాశాఖాధికారి కార్యాలయానికి వెళ్ళాము. “పోస్టు ఉందమ్మా, మనిషే లేరు” అన్నారు. ఎందుకు లేరన్న ప్రశ్నకు అక్కడ నోటిమాటగా జవాబు రాలేదు. మా అమ్మాయి 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం దరఖాస్తు రాసింది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో ఈ దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబు 30 రోజులలో ఇవ్వాలి. మాకు గడువు లోపలే వచ్చింది.

ఆ కాగితం చదివాక నా కోపం దిశ మారింది. మా బడిలో గణితోపాధ్యాయుని పోస్టు మంజూరై ఉంది. రోస్టర్ వరుసలో అది ఒక వెనుకబడిన వర్గానికి కేటాయించబడింది. ఆ వర్గంలో ఉర్దూ మాధ్యమంలో బోధించగల అర్హత ఉన్న అభ్యర్థి నియామకాల సమయంలో లేరు. కనుక అది భర్తీ కాలేదు. నిబంధన ప్రకారం దానిని మరొకరితో నింపడానికి వీలులేదు. ఆ వర్గాల హక్కు కాదనలేనిది. మనమూ అటువంటి రక్షణ కోరేవారమే. అయితే వారికీ దక్కక, పిల్లలకూ దక్కక, ఒక పోస్టు ఏళ్ళ తరబడి కాగితం మీద మిగిలిపోతే లాభపడినది ఎవరు? దీనిని మండల కార్యాలయంలోని అధికారి తీర్చలేడు. ఆయన నిబంధనను అమలు చేసేవాడే తప్ప మార్చేవాడు కాదు. నిబంధన మార్చాలంటే ప్రభుత్వం కదలాలి. ప్రభుత్వాన్ని పేరు పెట్టి, నిలబెట్టి, జవాబు చెప్పమని అడిగే చోటు శాసన వ్యవస్థ ఒక్కటే. ఇన్నాళ్ళూ నేను తట్టవలసిన తలుపు వేరు, తట్టిన తలుపు వేరు.

నిజానికి ఆ సభతో మా ఇంటికి ఎప్పటినుంచో సంబంధం ఉంది. నేనే గుర్తించలేదు. మా పెద్దబ్బాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చినది బి.సి.–ఇ ధ్రువపత్రంతో. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించిన ఆ చట్టం 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసినదే. 2010లో హైకోర్టు దానిని కొట్టివేసినప్పుడు, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. సీటు వచ్చిన రోజున మిఠాయిలు పంచాను. ఆ చట్టం ఎక్కడ పుట్టిందో, ఎవరు ఏమని వాదించారో ఒక్కనాడూ చదవలేదు.

మా ప్రధానోపాధ్యాయుడు ఒక దారి చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ ఒక్కటే కాదు, శాసన మండలి కూడా ఉంది. సభలో 175 మంది, మండలిలో 58 మంది. ఆ 58 మందిలో అయిదుగురిని ఉపాధ్యాయులు, అయిదుగురిని పట్టభద్రులు ఎన్నుకుంటారు. తెలంగాణలోనూ రెండు సభలు ఉన్నాయి: సభలో 119 మంది, మండలిలో 40 మంది. “బడి సంగతి కనుక ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ గారిని కలుద్దాం. ఆయనకు ఓటు వేసినవాణ్ణి, నేనూ వస్తాను” అన్నారాయన.

ఎమ్మెల్సీ గారు మా మాట పది నిమిషాలు విన్నారు. “అమ్మా, ఇలా ఎన్ని బడులలో ఉంది?” అని అడిగారు. మాకు తెలియదు. “ఒక బడి కష్టం అధికారికి చెప్పుకునే ఫిర్యాదు అవుతుంది. పలు బడుల కష్టమైతే అది సభలో అడగదగిన ప్రశ్న అవుతుంది. వివరాలు తీసుకురండి” అని పంపించారు. బయటికి వచ్చేటప్పుడు నాకు చిన్నతనంగా అనిపించింది. ఆలోచిస్తే ఆయన మాటలో న్యాయం ఉంది.

వివరాలు ఎలా తేవడం? ఆ నెలలోనే మా ఆడపడుచు కొడుకు పెళ్ళి వచ్చింది. నాలుగు జిల్లాల బంధువులు ఒకచోట చేరారు. ఇంతకుముందైతే, “మన బడులను పట్టించుకునే నాథుడే లేడు” అని ఉండేదాన్ని. ఈసారి మా అమ్మాయి చిన్న నోటుపుస్తకం పట్టుకుని, “మీ ఊరి ఉర్దూ బడిలో ఏ సబ్జెక్టుకు సారు లేరు? ఎప్పటినుంచి?” అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంది. బంధువులు తిరిగి వెళ్ళాక బడులకు వెళ్ళి కనుక్కుని ఫోన్లు చేశారు. మరి నాలుగు చోట్ల ఇదే కథ. మూడింటిలో కారణమూ ఇదే.

అన్నీ కలిపి ఒకే పుటలో వినతిపత్రం రాశాము. మొదట నేను రాసినది అయిదు పుటలు వచ్చింది. అందులో నాలుగు పుటలు నా ఆవేదన. మా అమ్మాయి దానిని కత్తిరించింది. ఏ బడి, ఏ పోస్టు, ఎప్పటినుంచి ఖాళీ, కారణం ఏమిటి, మేము కోరుతున్నది ఏమిటి అన్నవి మాత్రమే ఉంచి, సమాచార హక్కు జవాబు నకలు జత చేసింది. తెలుగులో ఒక ప్రతి, ఉర్దూలో ఒక ప్రతి. బాధ నివారణ కోరే వినతిని రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకునే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణ ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. పైగా ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా గుర్తించే బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2022లో ఆమోదించింది. తెలంగాణ శాసనసభ 2017లోనే అటువంటి బిల్లును ఆమోదించింది. హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు. వాడేవారు లేని హక్కు తాళం వేసిన ఇల్లు వంటిది. ఒక ప్రతిని మా శాసనసభ్యునికి కూడా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకున్నాము. ఆయన ఏ పార్టీవారని మేము చూడలేదు. ఓటు వేసినవారికీ వేయనివారికీ ఆయనే ప్రతినిధి.

తరువాత ఎదురుచూడటం. ఒక సమావేశం ముగిసిన నాటినుంచి ఆరు నెలలు దాటకుండా తిరిగి సభను సమావేశపరచాలని రాజ్యాంగం 174వ అధికరణ చెబుతుంది. సమావేశాల తేదీలు వెలువడగానే పత్రికలలో వస్తాయి. సభ్యుడు తన ప్రశ్నను ముందుగానే రాతపూర్వకంగా ఇవ్వాలి. కనుక సభ మొదలైన తరువాత పరుగెత్తుకు వెళ్ళి, “మా మాట అడగండి” అంటే ప్రయోజనం తక్కువ. మా కాగితం ముందే చేరినందువల్ల ప్రశ్నగా మారింది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. దానిమీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు జవాబు రాతలోనే వస్తుంది. మాది గుర్తు ఉన్నదేనని ఎమ్మెల్సీ గారి కార్యాలయం వారు చెప్పారు. సభ్యుని సిఫారసుతో సందర్శకుల పాసులూ దొరికాయి.

ఆ ఉదయం నేను, మా అమ్మాయి, ప్రధానోపాధ్యాయుడు వెలగపూడి చేరుకున్నాము. 2017 నుంచి మన చట్టసభలు అక్కడే సమావేశమవుతున్నాయి. సెల్‌ఫోన్లు బయటే వదిలి, తనిఖీలు దాటి, గ్యాలరీలో కూర్చున్నాము. అక్కడ మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు. ప్రశ్నోత్తరాలు మొదలయ్యాయి. మొదటి ప్రశ్న మీదనే వాదోపవాదాలు సాగాయి. గడియారం చూస్తూ కూర్చున్నాను. మా ప్రశ్న వంతు రాకముందే సమయం ముగిసింది. మిగిలిన ప్రశ్నలకు జవాబులు ఇచ్చినట్లే భావించాలని అధ్యక్షస్థానం నుంచి ప్రకటన వినబడింది. అంతే. సభ తరువాతి అంశానికి వెళ్ళిపోయింది.

బస్సులో ముగ్గురమూ మాట్లాడుకోలేదు. ఇంత తిరిగితే ఇదా అనుకున్నాను. ఆ పక్కింటి పిల్లకు ఏమని చెప్పాలి?

రెండు రోజుల తరువాత ఎమ్మెల్సీ గారి కార్యాలయం నుంచి ఒక కాగితం నకలు వచ్చింది. నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఇది: వంతు రాని ప్రశ్నకు కూడా జవాబు ఉంటుంది. అది సభ ముందు ఉంచబడి, అచ్చులో నిలిచిపోతుంది. ఎడమవైపు మా ప్రశ్న. ఉర్దూ మాధ్యమ పాఠశాలలలో పోస్టులు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనా? అయినచో కారణములేమి? ప్రభుత్వము తీసుకొనుచున్న చర్యలేమి? కుడివైపు జవాబు. మొదటిదానికి “అవునండి”. రెండవదానికి మాకు తెలిసిన కారణమే. మూడవదానికి “విషయము పరిశీలనలో ఉన్నది”.

“అవునండి” అన్న ఆ ఒక్క మాటను నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. రెండేళ్ళుగా ఆ పిల్ల చెప్పినది నిజమేనని ప్రభుత్వం అచ్చులో ఒప్పుకుంది. ఇక ఎవరూ ఆ మాటను తోసిపుచ్చలేరు. “పరిశీలనలో ఉన్నది” అన్నది మాత్రం చూడగానే నిరాశ కలిగించింది. ప్రధానోపాధ్యాయుడు నవ్వి, “అమ్మా, ఇది ముగింపు కాదు. సభలో మంత్రులు ఇచ్చిన మాటలు నెరవేరాయా లేదా అని చూడటానికే ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. ఈ కాగితం పట్టుకునే మళ్ళీ అడగాలి” అన్నారు. వినతుల కమిటీ, ప్రజా పద్దుల కమిటీ, మైనారిటీల సంక్షేమాన్ని చూసే కమిటీ, ఇలా సభ తరఫున పనిచేసే కమిటీలు ఇంకా ఉన్నాయని అప్పుడు తెలిసింది. టీవీలో కనిపించే కేకలు సభలో ఒక భాగం మాత్రమే. నెమ్మదైన పని చాలావరకు ఈ కమిటీల గదులలో సాగుతుంది.

ఆ కాగితం నకలుతో జిల్లా అధికారులను కలిశాము. ఈసారి మమ్మల్ని కూర్చోమన్నారు. ఆ విద్యా సంవత్సరం మధ్యలో మా బడికి ఒక తాత్కాలిక గణిత బోధకుడు వచ్చాడు. శాశ్వత నియామకపు చిక్కు ఈ వ్యాసం రాసేనాటికీ తీరలేదు. ఎమ్మెల్సీ గారికి రెండవ ఉత్తరం రాశాము, మూడవది సిద్ధంగా ఉంది. జరిగినదానిని ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా ఒక తరగతి పిల్లలకు ఆ ఏడు లెక్కలు చెప్పే మనిషి దొరికాడు.

ఈ తిరుగుడులో మా ఇంటి లోపం కూడా ఒకటి బయటపడింది. పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటు దానంతట అది రాదు. అర్హత తేదీకి మూడేళ్ళ ముందు డిగ్రీ పూర్తిచేసినవారు ఫారం 18 నింపి నమోదు చేసుకోవాలి. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ జాబితాను కొత్తగా తయారు చేస్తారు. పాత పేరు ఉంది కదా అని కూర్చుంటే కుదరదు. ఉపాధ్యాయులకు ఫారం 19 వేరే ఉంది. మా ఇంట్లో ఇద్దరు కోడళ్ళు పట్టభద్రులు, ఒకరూ నమోదు కాలేదు. “అడిగినవారు లేరు అత్తమ్మా” అన్నారు. వారి డిగ్రీ పట్టాలు బీరువాలో నగల పక్కన భద్రంగా ఉన్నాయి. ఆ పట్టాతో వచ్చే ఓటు సంగతి మేమెవరమూ తలచలేదు. ఈసారి ప్రకటన రాగానే ఇద్దరి చేతా దరఖాస్తు పెట్టించే బాధ్యత మావారు తీసుకున్నారు.

ఓటు ఒక అమానత్ అని పెద్దలు చెప్పగా విన్నాను. ఒకరికి సొమ్ము అప్పగించి అయిదేళ్ళపాటు దాని ఊసెత్తకుండా ఉంటామా? మధ్య మధ్య వెళ్ళి అడుగుతాము, లెక్క చూస్తాము. ఈ లెక్క చూడటం కష్టమైన విద్య కాదు. ఏటా మొదటి సమావేశంలో గవర్నరు ప్రసంగం ఉంటుంది. ప్రభుత్వం తాను ఏమి చేయదలచినదీ అందులో చెబుతుంది. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కనుక సాధారణంగా దానికి ముందు బడ్జెట్ వస్తుంది. అందులో శాఖల వారీగా పద్దులు ఉంటాయి. అన్నీ చదవనక్కర లేదు. మన ఇంటికి దగ్గరి శాఖ ఒక్కటి ఎంచుకుంటే చాలు. సభా కార్యక్రమాలు ప్రత్యక్ష ప్రసారమవుతాయి. ప్రశ్నలు, జవాబులు, చర్చల పాఠాలు శాసన వ్యవస్థ వెబ్‌సైటులో దొరుకుతాయి. ఇప్పుడు సభ జరిగే రోజుల్లో రాత్రి భోజనాల తరువాత మా అమ్మాయి పావుగంటసేపు విద్యాశాఖ విషయాలు చదివి వినిపిస్తుంది. మా అత్తగారు కూడా వింటారు. మొన్న ఆమె, “ఆ పరిశీలన ఇంకా పూర్తి కాలేదటనా?” అని అడిగారు.

పక్కింటి అమ్మాయి సప్లిమెంటరీలో గణితం గట్టెక్కింది. బోధకుడు రాకముందే, మా చిన్నమ్మాయి వేసవిలో మా వరండాలోనే నేర్పిన లెక్కలతో. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. సంబంధాల మాట ప్రస్తుతానికి ఆగింది. ఆ పిల్లకు నేను క్షమాపణ చెప్పాను. “అదేమిటి ఖాలా” అని సిగ్గుపడింది. మూడవ ఉత్తరాన్ని తన చక్కని దస్తూరీతో ఉర్దూలో రాసిపెట్టినది ఆ అమ్మాయే. తమ్ముడు ఇంకా ఆ బడిలోనే చదువుతున్నాడట.

అబ్బాజాన్ కొలతల పుస్తకం మా అన్నయ్య ఇంట్లో దొరికింది. చివరి పుటలలో అతికించిన ముక్కలు పసుపుబారాయి. వాటి తరువాత కొన్ని పుటలు ఖాళీగా ఉన్నాయి. “అవునండి” అన్న ఆ కాగితాన్ని అందులో అంటించాను.